మిల్లు గేటు చిరునామా

షోరూంలో పొద్దంతా నిలబడి పనిచేసేవాళ్ళకు కాళ్ళ నొప్పులు ఎలా తగ్గుతాయని అడిగితే నా దగ్గర మంచి చిట్కాలే ఉన్నాయి. కానీ ఈ మధ్య నన్ను కలిసే కుర్ర ఉద్యోగులు అది అడగరు. ‘సార్, ఇన్నేళ్ళలో మీరు చూసిన గొప్ప మేనేజరు ఎవరు?’ అని అడుగుతారు. నేనే మేనేజరుగా చేశాను కాబట్టి మర్యాదకు నా పేరే చెబుతానేమోనని చూస్తారు. నేను చెప్పేది మేనేజరు గురించి కాదు. మిర్యాలగూడ బ్రాంచిలో కార్డు కౌంటరు దగ్గర కూర్చున్న ఒక అమ్మాయి గురించి.

నేను ఇంటి సామాన్లు అమ్మే ఒక కంపెనీలో సూర్యాపేటలో సేల్స్‌మన్‌గా చేరి, కోదాడలో ఫ్లోరు ఇన్‌చార్జినై, చివరి కొన్నేళ్ళు మిర్యాలగూడలో మేనేజరుగా చేశాను. ఫ్రిజ్‌లు, టీవీలు, కూలర్లు. మిర్యాలగూడ బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఒక పూట గడిపాను. కారణం ఉంది. మా నాన్నగారి కాలంలో ఆ ఊళ్ళో మాకొక బియ్యం మిల్లు ఉండేది. హుజూర్‌నగర్ వైపు ఊళ్ళలో భూములుండేవి. అవన్నీ ఎలా పోయాయో ఇక్కడ రాయను. పోయినవాటి గురించి చెప్పుకోవడం మా ఇంట్లో మర్యాద కాదు. మిల్లు చేతులు మారిన తరువాత నేను ఆ గేటు దాటి లోపలికి అడుగుపెట్టలేదు. బస్సు ఆ దారిన పోతే అవతలి కిటికీ వైపు కూర్చునేవాణ్ణి.

బ్రాంచిలో నన్ను వెనకాల ‘దొరసార్’ అనేవాళ్ళు. ఇస్త్రీ చొక్కా, కస్టమరు దగ్గర చాయ్ కూడా తాగకపోవడం, ఎవరొచ్చినా నడుం వంచకపోవడం చూసి పెట్టిన పేరు. నా ముఖం మీదే ఆ మాట అన్నది మాత్రం కార్డు కౌంటరు అమ్మాయి ఒక్కతే.

ఆమెకు ముప్పై దాటి ఉంటాయి. మిర్యాలగూడ అమ్మాయే. వాళ్ళమ్మ మిల్లులో నూకలు చెరిగిన మనిషి. ఈమె కోదాడలో డిగ్రీ చదివి, ఇద్దరు పిల్లల్ని కని, మా కౌంటరుకు వచ్చింది. ఆదివారం చర్చిలో పాడే గొంతు. అదే గొంతుతో కౌంటరులో మాట్లాడితే పై అంతస్తులో మిక్సీలు చూస్తున్నవాళ్ళు కూడా తిరిగి చూసేవారు. నేను చేరిన మొదటి వారంలో గొంతు కాస్త తగ్గించమన్నాను.

“తగ్గిస్త సార్. కానీ తగ్గిస్తె కార్డులు గూడ తగ్గుతయి. ఏది కావాలె మీకు?” అంది.

కార్డుల సంగతి ఇప్పటి మీకు కొత్త కాకపోవచ్చు, అయినా చెప్పాలి. అప్పుడు మా కంపెనీ సొంత క్రెడిట్ కార్డు తెచ్చింది. మా దుకాణాల్లో, మా వెబ్‌సైట్‌లో మాత్రమే పనికొచ్చే కార్డు. ఆన్‌లైన్ అమ్మకాలు పెంచాలని ఒక పథకం పెట్టారు. మా వెబ్‌సైట్‌లో ఈ కార్డుతో వస్తువు కొంటే, దాని మీద పడిన పన్నుకు సమానమైన డబ్బును తరువాతి నెల కార్డు ఖాతాలో తిరిగి వేస్తారు. పన్ను ప్రభుత్వానికి పోవలసిందే, పోతుంది. ఆ మేరకు భారం కంపెనీ మోస్తుందన్నమాట. కూలరు మీద వందకు పద్దెనిమిది రూపాయల పన్ను. చిన్న మొత్తం కాదు. అయితే దుకాణంలో బిల్లు చేయిస్తే ఈ లాభం లేదు. ఫోనులో ఆర్డరు పెడితేనే ఉంది.

మా ప్రాంతం వాళ్ళకు వస్తువును తాకకుండా కొనడం చేతకాదు. కూలరైతే నెత్తి మీద రెండు దెబ్బలు కొట్టి చూడాలి. ఫ్రిజ్ తలుపు పదిసార్లు తీసి వేయాలి. అందుకని ఆమె ఒక పద్ధతి పెట్టింది. దుకాణంలోనే చూడండి, కొట్టండి, తీయండి, వేయండి. నచ్చింది చెబితే కౌంటరు ముందు కూర్చోబెట్టి మీ ఫోనులోంచే మీ కార్డుతో ఆర్డరు పెడతాను.

“దుకాణంల కూసోని ఫోన్ల కొనుడేందే తల్లీ, గిదేం తమాషా?” అని ఒక ముసలాయన నవ్వితే,

“తాతా, పన్ను వాపసొస్తదంటే నువ్వు చెట్టెక్కి గూడ కొంటవ్. కూసో గీడ,” అంది.

ఆ వేసవిలో ఆమె దగ్గర అందరికన్నా ఎక్కువగా కార్డులు తీసుకున్నది మిల్లు ప్యాకింగ్ షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళు. మేము అమ్ముకున్న మిల్లే అది. బియ్యం సంచులు నింపి కుట్టే పని వాళ్ళది. నెల జీతం బ్యాంకులో పడుతుంది కాబట్టి చిన్న పరిమితి ఉన్న కార్డులు వచ్చాయి. అందరికీ కావలసింది ఒకటే. కూలరు. రేకుల ఇళ్ళలో ఎండాకాలం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

మొదట్లో ఇళ్ళ చిరునామాలే పెట్టింది. మొదటి కూలరు వాళ్ళుండే కాలనీకి వెళ్ళి తాళం చూసి వెనక్కి పోయింది. రెండోసారి డ్రైవరుకు ఆ సందే దొరకలేదు. పగలు ఇంట్లో ఎవరూ ఉండరు. షెడ్డులోకి ఫోను తీసుకుపోనివ్వరు. డ్రైవరు మా దుకాణానికి ఫోను చేసి, “మేడం, ఎవలూ ఎత్తుతలేరు, వాపస్ తీస్కపోతున్న,” అనేవాడు. ఇట్లా రెండు మూడు కూలర్లు ఊరు చూసి తిరిగిపోయాక ఆమె ఒక ఉపాయం చేసింది. అందరి చిరునామా మిల్లు గేటు అని పెట్టింది. గేటు వాచ్‌మన్ దించుకుంటాడు. సాయంత్రం పని దిగాక ఆడవాళ్ళంతా కలిసి ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుని, కిరాయి పంచుకుని, కూలర్లు కట్టుకుని పోతారు. ఆ ట్రాలీ మా దుకాణం ముందు నుంచే వెళ్ళేది. తాళ్ళతో కట్టిన కూలర్ల మధ్య ఇద్దరు ముగ్గురు కూర్చుని, కౌంటరు వైపు చేతులూపి కేకలు వేసేవాళ్ళు. ఈమె లోపలి నుంచి అంతకన్నా గట్టిగా కేక వేసేది. నేను నా గదిలో తల ఎత్తకుండా పని చేసుకునేవాణ్ణి. మిల్లు పేరు చెవిన పడినప్పుడు తల ఎత్తకపోవడం నాకు అలవాటైన పని.

పథకంలో ఒక నిబంధన ఉంది. ఒక ఇంటికి ఒక వస్తువు మీదే పన్ను వాపసు. వ్యాపారులు ఈ పేరుతో సరుకు కొని అమ్ముకోకుండా పెట్టిన నిబంధన అది. ఆ నిబంధన ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఒక్కో కార్డు ఒక్కో ఇంటిదే, ఒక్కో ఇంటికి ఒక్కటే కూలరు. అందులో తప్పేముంది అనుకున్నాం. అయితే ప్రధాన కార్యాలయంలో ఉన్న కంప్యూటరుకు ఇల్లు అంటే మనుషులు కాదు, చిరునామా. దానికి కనిపించింది ఏమిటంటే, ఎన్నో కార్డులు, ఒకటే గేటు, అన్నీ కూలర్లు.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక ఆ ఆడవాళ్ళు పదిమంది దాకా తెల్ల చీరల్లో నేరుగా దుకాణానికి వచ్చారు. చేతుల్లో ఫోన్లు. ఫోన్లలో ఒకటే సందేశం. కార్డు నిలిపివేయబడింది, పన్ను వాపసు ఇవ్వబడదు. వాళ్ళలో అందరికన్నా పెద్దామె, సంచులు కుట్టీ కుట్టీ వేళ్ళు వంకరపోయిన మనిషి, కౌంటరు మీద ఫోను పెట్టింది.

“ఏందే బిడ్డా గిది? పన్ను రాదంట గద. గవర్నమెంటోళ్ళు ఉంచుకున్నరా, మీ కంపెనోళ్ళు ఉంచుకున్నరా?”

“తెలుసుకుంట పెద్దమ్మా.”

“ఎవలు ఉంచుకున్నా పోయింది మాదేనాయె. మేం కంపెనీని జూసి తీస్కోలే కార్డు. నీ మొకం జూసి తీస్కున్నం.”

కౌంటరు అమ్మాయి గొంతు తగ్గడం ఆ రోజే మొదటిసారి విన్నాను. “నా మొకం ఏడికి పోతలేదు పెద్దమ్మా. గీడనే ఉంటది,” అంది.

కానీ ఆ ముఖం అక్కడే ఉంటుందన్న నమ్మకం మరునాటికే పోయింది. ప్రధాన కార్యాలయం నుంచి నాకు మెయిలు వచ్చింది. ఎవరో వ్యాపారి కూలీల పేర్ల మీద కార్డులు తీయించి, కూలర్లు కొని బయట అమ్ముకుంటున్నాడని అనుమానం. అందులో మా కార్డు కౌంటరు ఉద్యోగికి వాటా ఉందని అనుమానం. విచారణకు అధికారి వస్తాడు. అప్పటిదాకా ఆమెను కౌంటరు నుంచి తప్పించాలి. రుజువైతే ఉద్యోగం పోతుంది. మోసం చేసి వెళ్ళిన మనిషి అని రాస్తే ఈ మూడు ఊళ్ళలో ఏ షోరూమూ ఆమెను గడప తొక్కనివ్వదు. ఇక ఆదివారం ఆ చర్చిలో, ఆ ఆడవాళ్ళ పక్కన నిలబడి పాడడం ఎలాగో నేను ఊహించలేకపోయాను.

మధ్యాహ్నం చాయ్ వేళ ఆమెను నా గదికి పిలిచాను. నేను అప్పటికే నిర్ణయం తీసుకుని ఉన్నాను. మా ఇంట్లో మగవాళ్ళు తమ మనుషుల్ని వదిలేసేవారు కాదని విని పెరిగినవాణ్ణి.

“నువ్వేం దిగులు పడకు. మేనేజరు చెప్పాడు, అమ్మాయి చేసింది అని రాసి నేనే సంతకం పెట్టి ఇస్తాను. తప్పు నాది. నాకు రిటైర్మెంటు దగ్గరికి వచ్చింది, నన్నేం చేస్తారు?”

ఆమె చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టింది. కళ్ళ నీళ్ళు పెట్టుకుంటుందేమో, ఏం చెప్పి ఓదార్చాలా అని ఆలోచిస్తున్నాను. ఆమె నవ్వింది.

“సార్, ఒక మాటంటే ఏమనుకోరు గద?”

“అనుకుంటాను. అయినా చెప్పు.”

“మీ తాతల కాలంల మా తాతల భూములు మీరే చూస్కున్నరు. మా పంచాయితీలు మీరే తెంపిన్రు. మా పెండ్లిళ్ళకు ముహూర్తాలు గూడ మీరే పెట్టిచ్చిన్రంట. ఇగ నా తప్పు గూడ మీరే తీస్కుంటరా? దీన్ని జర నాకు ఇడ్సిపెట్టున్రి దొరా. ఇదొక్కటన్న నా పేరు మీద ఉండనియ్యున్రి.”

అని గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజంతా నాకు కోపమే. చేతికి అందిస్తే కాదన్నదని కోపం. బస్సులో సూర్యాపేటకు తిరిగి వెళుతున్నప్పుడు కూడా ఆ మాటలే. దారిలో ఎక్కడో అర్థమైంది. నేను ఇచ్చానని అనుకున్నది నిజానికి తీసుకోవడమే. ఆ అమ్మాయి తలెత్తుకుని నిలబడే చోటును నేను దయ పేరుతో లాక్కుంటున్నాను. ఎవరూ నాతో అలా మాట్లాడలేదు అంతవరకూ. మాట్లాడవలసినవాళ్ళు చాలామందే ఉండి ఉంటారు.

విచారణ అధికారి హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రవాడు. మర్యాదస్తుడు. వచ్చీ రాగానే, “సార్, పర్సనల్‌గా తీసుకోకండి,” అన్నాడు. బ్రాంచివాళ్ళు దారి చూపించకూడదు, తానే ఎంచుకున్న ఇళ్ళకు తానే వెళ్ళాలి, అది అతనికిచ్చిన ఆదేశం. నేనూ ఆ అమ్మాయీ కారులో వెనక కూర్చోవచ్చు గానీ నోరు విప్పకూడదు. ఆమెకు అంతకన్నా పెద్ద శిక్ష ఉండదనుకున్నాను.

కార్డుల దరఖాస్తుల్లోంచి ఒక ఇంటి చిరునామా తీసి ఫోను మ్యాపులో పెట్టాడు. కారు బయలుదేరింది. వడ్ల లారీల వరస పక్కనుంచి, కాలువ గట్టు మీదుగా, రెండు మలుపులు తిరిగి ఒకచోట ఆగింది. గమ్యానికి చేరుకున్నారని ఫోను చెప్పింది. తలెత్తి చూస్తే మిల్లు గేటు.

అతను ఫోను వంక చూశాడు, గేటు వంక చూశాడు. ఇంకో ఇంటి చిరునామా పెట్టాడు. కారు వెనక్కి తిరిగింది. రైల్వే గేటు దగ్గర చాలాసేపు ఆగింది. పట్టాలు దాటి, చుట్టూ తిరిగి, మళ్ళీ మిల్లు గేటు ముందుకే వచ్చింది, ఈసారి అవతలి వైపు నుంచి. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీలోంచి లారీలు చూస్తోంది. భుజాలు కదులుతున్నాయి. నేను ముందు సీటు వంక చూస్తూ బిగుసుకుని కూర్చున్నాను. నవ్వు ఆపుకోవడానికి ఎవరికీ వంగని నా నడుం ఆ రోజు పనికొచ్చినంతగా ఎప్పుడూ పనికి రాలేదు.

గేటులోంచి వాచ్‌మన్ బయటికి వచ్చాడు. “మళ్ళొచ్చినవా సారూ? ఏమన్న దించేదున్నదా?”

“ఈ కాలనీ ఎక్కడ?” అని అధికారి చిరునామా చూపించాడు.

“గా కాలనీకి ఎవలొచ్చినా గీడికే వస్తరు సారూ. ఫోనోళ్ళు, కొరియరోళ్ళు, ఆఖరికి పెండ్లి కార్డులు పంచెటోళ్ళు గూడ. ఫోన్ల గట్లనే చూపెడతదంట. నేను ఇన్ని దించుకుని, సాయంత్రం వాళ్ళకిస్త.”

అధికారి మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. “మీరు మాట్లాడొచ్చు,” అన్నాడు.

“ఏం మాట్లాడాలె సార్? మీ ఫోనే మాట్లాడింది గద.”

అతను నవ్వలేదు. “వస్తువులు ఇక్కడ దిగాయని నాకు ముందే తెలుసు. ఇక్కడి నుంచి ఎక్కడికి పోయాయన్నదే నా ప్రశ్న. ఆ ఆడవాళ్ళను చూడాలి.”

వాళ్ళు లోపల షెడ్డులో ఉన్నారు. భోజనం వేళ దగ్గర పడింది. లోపలికి వెళ్ళి మిల్లు యజమానిని అడిగి పిలుచుకు రావాలి. బ్రాంచి మేనేజరు అడగడం పద్ధతి. నేను కారు దిగాను. గేటు రంగు మారింది గానీ కమ్ములు అవే. చిన్నప్పుడు వాటి మీద నిలబడి ఊగితే నాన్నగారు కోప్పడేవారు. నా కాలు ముందుకు పడలేదు.

ఆమె నా పక్కకు వచ్చింది. మా మిల్లు సంగతి ఆ ఊళ్ళో తెలియనిదెవరికి? ఇదివరకు ఎన్ని ఎత్తిపొడుపులు పొడిచిందో, ఆ నిమిషంలో ఒక్క మాట అంటే నేనేమీ అనలేకపోయేవాణ్ణి. “ఎండ మస్తుగున్నది సార్, మీరు గీ నీడల ఉండున్రి. నేను పోయి అడిగొస్త,” అని మాత్రం అంది. నా వంక చూడకుండా లోపలికి నడిచింది. ఉద్యోగం పోయే గండం నెత్తిన పెట్టుకున్న మనిషి నా పరువు గురించి ఆలోచించడానికి ఆ క్షణంలో తీరిక చేసుకుంది.

భోజనం వేళకు ఆడవాళ్ళు బయటికి వచ్చారు. తల మీద తువ్వాళ్ళు, కనుబొమ్మల మీద తెల్లటి పిండి. అధికారి ఒక్కొక్కరి పేరూ పిలిచి, ఫోటోతో సరిచూసుకున్నాడు. అందరూ ఉన్నారు. తరువాత వాళ్ళలోంచి తనకు నచ్చినట్టు ఒకామెను చూపించి, “మీ ఇల్లు చూడాలి,” అన్నాడు. చిన్న వయసు మనిషి, ఎక్కువ మాట్లాడదు. ఆమె వెంట పట్టాలు దాటి సందుల్లో నడిచాం. పెద్దామె కూడా ఎవరూ పిలవకుండానే వెంట వచ్చింది.

తాళం తీశారు. ఒక గది. మంచం, సామాన్ల అర, గోడకు సిలువ బొమ్మ. కిటికీ ముందు ఇనప స్టాండు. స్టాండు మీద కూలరు లేదు.

అధికారి ఫోనులో ఏదో రాసుకోవడం మొదలుపెట్టాడు. నేను మా కౌంటరు అమ్మాయి ముఖం వంక చూశాను. ఆ ముఖంలో రంగు పోవడం అంతకు ముందూ చూడలేదు, ఆ తరువాతా చూడలేదు.

“కూలరు ఏదమ్మా?”

“ఇచ్చిన సార్.”

“అమ్మారా?”

“అమ్ముడెందుకు సార్? ఇచ్చిన.”

“ఎవరికి?”

“పక్క గల్లీల బాలింత ఉన్నది.”

అధికారి రాయడం ఆపాడు. “చూపించండి.”

పక్క సందులో, అలాంటిదే ఇంకో గది. గుమ్మంలోంచే చల్లగాలి తగిలింది. లోపల మంచం మీద బాలింత, పక్కన గుడ్డలో చుట్టిన పసిగుడ్డు. కిటికీలో కూలరు తిరుగుతోంది. బాలింత అత్తగారు కాబోలు, అధికారిని చూసి లేచింది.

“ఎవలు నువ్వు? చెప్పులిడ్వు. ఆడ నిలవడకు, గాలికి అడ్డమొస్తున్నవ్.”

అతను చెప్పులు విడిచాడు. పక్కకు జరిగాడు. కూలరు మీద అతికించిన నంబరు చూడాలన్నాడు. ఆ నంబరు వెనక వైపు, కిటికీకి ఆనుకుని ఉంది. వంగి, మోకాళ్ళ మీద కూర్చుని, ఫోను లైటు వేసి, గొణుక్కుంటూ నంబరు చదివాడు. పసివాడు కదిలి ఒక చిన్న తుమ్ము తుమ్మాడు. అధికారి గొంతు ఇంకా తగ్గించాడు. నంబరు కలిసింది.

లేచి చొక్కా దులుపుకుంటూ, కూలరు కొన్నామెను అడిగాడు. “ఎన్నాళ్ళకు ఇచ్చారు?”

“పురుడు నెల ఎల్లేదాక.”

“మరి మీకు?”

“మేం పగలంత మిల్లుల ఉంటం. రాత్రి వాకిట్ల పండుకుంటం. సంటోడు ఏడ పండుకుంటడు సార్?”

పెద్దామె అప్పటిదాకా ఆపుకుంది, ఇక ఆపుకోలేకపోయింది. “కార్డు తీస్కున్నది ఈ పోరి. కిస్తులు కట్టేది ఈ పోరి. సల్లగున్నది గా పోరడు. దీంట్ల యాపారం ఏడున్నదో జర నాకు గూడ చూపెట్టు సారూ, నేను గూడ చేసుకుంట.”

అప్పుడు నవ్వాడతను.

ఇంకా చాలా ఇళ్ళు చూశాడు. ఒకచోట కూలరు మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. ఒకచోట కూలరు వచ్చిన అట్టపెట్టెలో కోడి పొదుగుతోంది, నంబరు చూడడానికి పెట్టె జరపబోతే అది అధికారి చేతిని పొడిచింది. కారు దగ్గరికి తిరిగి వచ్చేసరికి అతని చొక్కా కూడా మా బట్టల్లాగే చెమటకు తడిసి ఉంది.

“వీళ్ళు వీళ్ళే. కూలర్లు వీళ్ళవే. అలాగే రాస్తాను,” అన్నాడు. తరువాత కాస్త ఇబ్బందిగా, “కానీ అందరికీ ఒకే చిరునామా పెట్టడం మాత్రం పొరపాటు కదా? దానికి వివరణ రాసివ్వాలి. అది లేకుండా ఫైలు మూయరు,” అన్నాడు.

ఆమె కారు బానెట్ మీదే కాగితం పెట్టుకుని తెలుగులో రాసింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను, ఒక్క మాట కూడా అందించలేదు. చిరునామా తానే పెట్టానని, ఎవరూ చెప్పలేదని రాసింది. పగలు వాళ్ళు ఉండే చోటు అదే కాబట్టి పెట్టానని రాసింది. కంపెనీ లెక్క ప్రకారం అది పొరపాటేనని, అయినా ఇంకో దారి చూపేదాకా మళ్ళీ అదే పెడతానని రాసింది. అధికారి ఆ చివరి వాక్యం దగ్గర ఆగి, “ఇది అవసరమా?” అన్నాడు.

“అబద్ధమైతె కొట్టెయ్యున్రి సార్.”

అతను కొట్టివేయలేదు. మేనేజరుగా నా సంతకం కూడా కావాలన్నాడు. ఆమె సంతకం కింద, ‘చదివాను, నిజం’ అని రాసి సంతకం పెట్టాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను పెట్టిన సంతకాల్లో నాకు గుర్తున్నది అదే.

తరువాతి నెలలో కార్డులు తెరుచుకున్నాయి. పన్ను డబ్బు అందరి ఖాతాల్లో తిరిగి పడింది. ఆ ఆదివారం ఆ ఆడవాళ్ళు మళ్ళీ వచ్చారు, ఈసారి లడ్డూల పెట్టెతో. పెద్దామె ఒక లడ్డూ తెచ్చి నా గదిలో బల్ల మీద పెట్టి, తింటానా తిననా అని నిలబడి చూసింది. తిన్నాను. కొన్నాళ్ళకు మా వెబ్‌సైట్‌లో ఒక మార్పు కనిపించింది. ఇంటి చిరునామా వేరుగా, సరుకు దించే చోటు వేరుగా రాసుకునే వీలు. అది మిర్యాలగూడలో ఒక కారు బానెట్ మీద మొదలైందని ఎవరూ ఎక్కడా రాయలేదు.

ఆమెకు మాత్రం కంపెనీ నుంచి హెచ్చరిక కాగితం వచ్చింది. ఇకముందు నిబంధనల విషయంలో జాగ్రత్తగా ఉండవలెనని. నేను దాన్ని ఆమెకు ఇవ్వడానికే సిగ్గుపడ్డాను. ఆమె రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుంది.

“పారెయ్యరాదూ?” అన్నాను.

“ఎందుకు పారేస్త సార్? మా ఇంట్లోళ్ళు చేసిన పని మా పేరు మీదనే రాసొచ్చిన మొదటి కాయితం ఇది. భూమి పట్టా లెక్క దాచుకుంట.”

నా ఉద్యోగం చివరి వేసవిలో నేను కూడా కార్డు తీసుకున్నాను. మా ఇల్లు అప్పుల వల్లే కూలింది కాబట్టి అంతవరకు ఏ కార్డూ ముట్టలేదు. ఆమె కౌంటరు ముందు అందరితో పాటు వరసలో కూర్చున్నాను. కూలరు నెత్తి మీద రెండు దెబ్బలు కొట్టి చూశాను కూడా. సూర్యాపేటలో మేముండే అద్దె ఇంట్లో పగలు ఎవరూ ఉండేవారు కాదు. నా భార్య కోదాడ బడిలో పాఠాలు చెప్పేది, నేను దుకాణంలో ఉండేవాణ్ణి.

“ఇంటి చిరునామా రాసిన సార్. సరుకు ఏడ దించాలె? దుకాణంలనేనా?” అని అడిగింది, ఫోను నుంచి తలెత్తకుండా.

“మిల్లు గేటు,” అన్నాను.

ఆమె తలెత్తింది. ఏదో అనబోయి, అనకుండా రాసుకుంది. ఆ నోరు ఒక మాట మింగడం నేను చూసింది రెండుసార్లే, ఆ రెండూ ఆ గేటు విషయంలోనే.

కూలరు వచ్చిన రోజు సాయంత్రం ఒక్కణ్ణే నడిచి వెళ్ళాను. పాత వాచ్‌మన్ మానేశాడు. కొత్తవాడు ఎక్కడివాడో, నన్నెరగడు. ఇస్త్రీ చొక్కా వంక ఒకసారి చూసి, గేటు సగం తెరిచి, చేయి అడ్డం పెట్టాడు.

“ఏం పెద్దాయనా, ఏం పని?”

“కూలరు వచ్చింది. తీసుకుపోదామని.”

“గీడ మా మిల్లు ఆడోళ్ళ సామాన్లే దించుకుంటం. నువ్వెవరి మనిషివి?”

మా నాన్నగారి కాలంలో ఈ గేటు దగ్గర ఈ ప్రశ్నే అడిగేవారు. ఆ రోజుల్లో లోపలికి రావలసిన ప్రతివాడూ మా ఇంటి పేరు చెప్పేవాడు. ఆ పేరు నా నాలుక దాకా వచ్చింది.

“షోరూంలో కార్డు కౌంటరు అమ్మాయి లేదూ, ఆమె మనిషిని,” అన్నాను.

“గట్ల చెప్పు మరి,” అని అతను చేయి తీసి గేటు పూర్తిగా తెరిచాడు. “రా, లోపటికి రా. గా బల్ల మీద కూసో. ట్రాలీ వచ్చేదాక జర ఆగాలె.”

లోపలికి వెళ్ళి కూర్చున్నాను. కాసేపటికి పని దిగిన ఆడవాళ్ళు వచ్చి, “జర జరుగున్రి సార్,” అన్నారు. బల్ల మీద జరిగి చోటిచ్చాను.